గోడ మీద చిన్న గీత

ఆర్మూర్ పసుపు మార్కెట్ ఎదురుగా అంజవ్వ చాయ్ హోటల్. పసుపు మిల్లులో క్వాలిటీ చూసే గంగాకిషన్ అక్కడ గ్లాసు పట్టాడంటే కోతలు మొదలైనట్టే. ఆ పొద్దున తన పసుపును ఆ మిల్లు ఎందుకు వాపస్ చేసిందో అడుగుదామని వేల్పూర్ రైతు కాశీరాం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సందు దొరికితే కదా!

“ఇనుండ్రి. మా మిల్లుల ఖరాబ్ అని పక్కకు వెట్టే సంచులు మస్తయినయ్. సేటు నెత్తి వట్టుకున్నడు. ఫికర్ జేయకుండ్రి అన్న. తడికి ఎన్ని, మట్టికి ఎన్ని, పురుగుకు ఎన్ని అని లెక్కవెట్టి, అన్నిట్ల పెద్ద గీత ముందు, దాని పక్కపొంటి చిన్నయి, గట్ల మెట్లు దిగినట్టు గోడ మీద గీసిన. పరేటో చార్ట్ అంటరు దాన్ని. పొడుగు గీతను పట్టుకుంటే సగం రోగం దొరికినట్టే. ఏం దేలింది? తడి! సంచులన్నీ ఉత్త నేల మీదనే ఉన్నయ్. కింద చెక్కలు ఏపిచ్చిన, ఖరాబ్ సగానికి వడ్డది.”

“గంతవరకు నిజమే కావచ్చు,” అంది అంజవ్వ.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గా తడి గీతకు గోడ సాలలే! రేకులు దాటి సిద్దుల గుట్టంత ఎత్తు లేసింది. ఊరోళ్లు సెల్ టవర్ అనుకొని, సిగ్నల్ అచ్చిందని సంబురవడ్డరు. డిచ్‌పల్లి యూనివర్సిటీ సార్లు నిచ్చెనలేసి ఎక్కి, సగంల ఆకలై దిగిండ్రు. ఇగ మబ్బులు! గీత మీద ‘తడి’ అని సదివి, సిగ్గువడి, ఈడ ఒక్క సుక్క రాల్చకుంట ధర్పల్లి దిక్కు మళ్లినయ్!”

“మబ్బులకు సదువు ఎవలు జెప్పిండ్రు కొడుకా?”

“నేనే!”

అందరూ నవ్వారు. కాశీరాం కూడా నవ్వి, తువ్వాల మూటలోంచి పసుపు కొమ్ము తీసి విరిచాడు. టక్కుమంది. బాగా ఎండిన కొమ్మే అట్లా పలుకుతుంది.

“తడి లేదు, మట్టి లేదు, పురుగు లేదు. మబ్బుల సంగతే తెల్సినోనివి గంగన్నా, నా పసుపు ఎందుకు వాపస్ అచ్చిందో జర జెప్పు.”

గంగాకిషన్ విరిగిన కొమ్మును చూశాడు.

“యాదికి లేదు తమ్మీ. ఏ గీతల వడనియన్నీ ఆఖరుకు ‘ఇతరాలు’ల ఏస్తం. అండ్లనే వడ్డట్టుంది. చిన్న గీత గది, ఎవ్వలు వట్టించుకోరు.”

“నీ గోడ మీద చిన్నదే అన్నా,” అన్నాడు కాశీరాం, విరిగిన ముక్కలు మూటగడుతూ. “నా ఇంట్ల గదొక్కటే గీత.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అంజవ్వ వచ్చి గంగాకిషన్ చేతిలోని గ్లాసు తీసేసుకుంది.

“లెవ్వు. ముందు పోయి గా పిలగాని పసుపు సూడు.”