వడివేలు ఎట్ల ఓడిపోయినాడు

శనివారం సాయంత్రం. తమిళనాడు ధర్మపురిలో బస్టాండు ఎదుటి సందులో నంజమ్మ టీ కొట్టు. గోడకు బిగించిన టీవీలో ఏదో దూరదేశపు సైకిల్ రేసు నడుస్తోంది. సెల్‌ఫోన్లు బాగుచేసే మురళి, తాపీ పని చేసే ధర్మరాజ్ దాన్ని చూస్తున్నారు. వెంకటరామప్ప మాత్రం టీవీకి వీపు పెట్టి వడ తింటున్నాడు. ఆయన పక్కన, సొట్టలు పడిన ఎవర్‌సిల్వర్ టిఫిన్ క్యారియర్ ఉంది.

మురళి పని మీదే వచ్చాడు. మరుసటి ఉదయం వాళ్ళ యువజన సంఘం ఆడపిల్లలకు సైకిల్ పందెం పెట్టింది. ధర్మపురి నుంచి పాలకోడు దాకా, సర్కారు ఇచ్చిన ఉచిత సైకిళ్ళ మీదే పోటీ. జెండా ఊపడానికి ఒప్పుకున్న పెద్దమనిషి రాలేనని మధ్యాహ్నం కబురు పంపాడు. ఆయన కోసం కొన్న శాలువా సంఘం బీరువాలో ఉండిపోయింది. ఒకప్పుడు సైకిల్ పందెం గెలిచిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయనతోనే జెండా ఊపించి, శాలువా కప్పుదామని సంఘం అనుకుంది.

ఆ మాట చెవిన పడగానే వెంకటరామప్ప, పేరున్న వడివేలునే తాను గెలిచానని సంఘంవాళ్ళకు చెప్పి, ఇంటికి పోయి, పందెంలో ఉన్న మనవరాలు శివరంజనితో, "నువ్వు బయల్దేరేటప్పుడు జెండా ఊపేది మీ తాతే" అని చెప్పేశాడు. ఆ పిల్ల వీధంతా చెప్పుకుని వచ్చింది. ఇక మాట వెనక్కి తీసుకునే దారి లేదు.

"చూడు మామా," అన్నాడు మురళి టీవీ వైపు చెయ్యి చూపి, "ఆ ఎర్ర బనీనోడు చదును రోడ్డు మీద ఫస్టు, కొండ మీద ఫస్టు, గడియారం పెట్టి ఒక్కొక్కణ్ణే వదిలితే ఆడా ఫస్టు. ఆల్ రౌండరు. ఆ నీలం బనీనోడికి వాడంటే కడుపుమంట."

"మాకూ ఉండినాడు అట్లాంటోడు ఒకడు, పెన్నాగరం వడివేలు," అన్నాడు వెంకటరామప్ప వెనక్కి తిరక్కుండానే.

"ఆయనకు ఫోన్ చేసే వచ్చినా. శాలువా వెంకటరామప్పకే కప్పండి, ఆయన నన్ను గెలిచింది నిజం అన్నాడు. ఎట్ల గెలిచినాడో ఆయన్నే చెప్పమను అని నవ్వి పెట్టేసినాడు." మురళి టీ గ్లాసు అందుకున్నాడు. "అదొక్కటి తేలితే నాకు మిగిలేది ఒకే తలనొప్పి. ఊరు దాటేదాకా పిల్లోళ్ళు పెండ్లి ఊరేగింపు కన్నా మెల్లగా పోవాలంట, పోలీసోళ్ళ షరతు. అంత మెల్లగా ముందర తొక్కతా పోయేదానికి ఒక మనిషి కావాల. మా సంఘంలో ఒక్కడికీ చేతకాలేదు, పది గజాలకే కాలు కింద పెట్టేస్తా ఉండారు. సరే, అది నా కష్టం. నువ్వు చెప్పు మామా."

వెంకటరామప్ప చెయ్యి తుడుచుకుని ఇటు తిరిగాడు.

"చెప్పేదానికి ఏముందప్పా, చిన్న సంగతి. మా వయసులో ఈడ స్కూలు గ్రౌండులో పందెం పెట్టినారు. నేను, వడివేలు, ఇంకా కొందరు. విజిల్ ఊదింది ఆ స్కూలు వాచ్‌మేన్, మన నంజమ్మ వాళ్ళ నాయన, కావాలంటే ఆ యమ్మనే అడుగు. నేను గెలిచినా. గెలిచినందుకు ఇచ్చిన పరిసు ఇదే," అని టిఫిన్ క్యారియర్ మీద తట్టాడు. "అంతే."

"అంతేనా అన్నా?" అన్నాడు ధర్మరాజ్. ఆ గొంతులో నిరాశ స్పష్టంగా వినిపించింది.

"అంతేనా అంటే? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడిపోయినోడు ఊరికే ఉంటాడా, గ్రౌండులో ఏముందిరా, సేలం రోడ్డు మీదకి రా, నీ సంగతి చూస్తా అన్నాడు, సరి పదమని పోయినా, చదును రోడ్డు, మిట్టమధ్యాహ్నం ఎండ, నేను తొక్కిన తొక్కుకు నా నీడ నా వెంట రాలేక యాడనో నిలబడిపోయింది, నేను టీ చెప్పి, తాగి, గ్లాసు పెట్టినాక ఆయాసపడతా వచ్చి నా కాళ్ళ కింద కూచునింది."

"మిట్టమధ్యాహ్నం నీడ ఎట్లైనా కాళ్ళ కిందనే కదా మామా ఉండేది?" అన్నాడు మురళి.

"నడాన మాట్లాడొద్దు మురళీ, లెక్క తప్పుతుంది. చదును అయిందా? ఇప్పుడు కొండ. తొప్పూరు కనుమ, లారీలు మూలుగుతా ఎక్కతా ఉండాయి, నేను రెండు చేతులు వదిలేసి చెనక్కాయలు ఒలుచుకొని తింటా ఎక్కతా ఉండా, అప్పుడు చెరుకు లారీ డ్రైవరు తల బయటికి పెట్టి, అన్నా, నా బండి కదలడం లేదు, కొంచెం చూడు అన్నాడు. పాపం, పిల్లలుగలోడు. నా తువ్వాలుతో లారీని సీటుకు కట్టుకొని పైదాకా లాగినా. పైన దిగి చూస్తే లారీ వెనకాల గొలుసు పట్టుకొని వేలాడతా ఉండేది ఎవురు? వడివేలు! దొంగతనంగా ఎక్కొచ్చని వచ్చినాడు. వాణ్ణి గూడా నేనే లాగినా, చూడు నా గాచారం."

"తువ్వాలు చినగలేదా?" అంది నంజమ్మ, టీ వడబోస్తూ.

"కొత్తది."

ధర్మరాజ్ తల ఊపాడు. కొత్త తువ్వాలైతే వీలున్నట్టే ఊపాడు.

"గడియారం పెట్టి వదిలేది గూడా అయింది. గడియారం పట్టుకున్నాయన 'పో' అని బటన్ నొక్కేలోపల నేను పోయి, తిరిగొచ్చి, ఆయన వెనకాలే నిలబడుకొని ఉండా. ఏందయ్యా ఇంకా బయల్దేరలేదా అని నన్నే తిట్టినాడు. ఇదంతా విని ఒక ఫారిన్ కంపెనీ దిగింది, నెల జీతం, బూట్లు, వాళ్ళ పేరేసిన బనీను. వద్దన్నా."

"ఎందుకు మామా?"

"వీపు మీద ఎవురి పేరో రాసుకొని ఇంటికి పోతే మా ఇంటిది ఎవురది అని అడగదా? అన్నం పెడుతుందా? సరే విను, కడాకు వడివేలు, నేల మీద నిన్ను గెలవలేను, నీళ్ళ మీదకి రా అన్నాడు. హొగెనకల్లు. ఆడ పుట్టిలో కూచునేదానికే జనం భయపడతారు, మేము సైకిళ్ళు దించినాం. కావేరి మీద తొక్కతా పోయి జలపాతం కింద నిలబడినాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పైకి ఎక్కినావు," అన్నాడు ధర్మరాజ్.

"ఎక్కినా! నిలువునా! సగం ఎక్కినాక గొలుసు తెగిపోయింది. కింద చూస్తే వడివేలు వస్తా ఉండాడు. చెయ్యి పెట్టి నీళ్ళలో తడివినా, పొడుగాటి పాము చేప ఒకటి దొరికింది. దాని తోక దాని నోట్లో పెట్టి, చక్రానికి తగిలించి తొక్కినా. జారతా ఉండాది, అయినా చేప మంచిది, కరవలేదు. పైకి పోయినాక విప్పి నీళ్ళలో వదిలితే దానికి అలవాటైపోయి, ఈదేది మరిచి గుండ్రంగా దొర్లుకుంటా పోయింది."

టీవీలో ఎర్ర బనీనువాడు గీత దాటి చేతులు పైకెత్తాడు. ఎవరూ చూడలేదు. మురళి టీ గ్లాసు కింద పెట్టి ఒక సాదా ప్రశ్న అడిగాడు.

"అదంతా సరే మామా. మొదటి పందెంలో, స్కూలు గ్రౌండులో, నువ్వు గీత కాడికి వచ్చేటప్పుడు వడివేలు ఎంత దూరంలో ఉండాడు?"

"వాడా? వాడు అప్పటికే గీత దాటి, చెట్టు కింద కూచోని బీడీ తాగతా ఉండాడు," అన్నాడు వెంకటరామప్ప, ఊపులో.

మురళి బెంచీ మీద ముందుకు జరిగాడు.

"అంటే ముందర వచ్చింది ఆయన?"

"ముందర వచ్చినందుకే కదప్పా ఓడిపోయినాడు!"

నంజమ్మ పాలగిన్నె దించేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"ఒరేయ్ మురళీ, అది స్లో సైకిల్ పందెంరా! కాలు కింద పెట్టకుండా అందరికన్నా కడాకు వచ్చినోడికే పరిసు. నేను అప్పుడు చిన్నపిల్లను, గీత కాడనే కూచోని చూసినా. వడివేలన్న ఎంత ఆపుకున్నా ఆగలేక దాటేసినాడు. ఈయన గ్రౌండు నడాన ఈగ వాలిన మాదిరి నిలబడిపోయినాడు. మా నాయన విజిల్ పట్టుకొని చూసి చూసి, ఇంటికొచ్చి అన్నం తిని మళ్ళా పోయినాడు. అప్పటికీ ఈయన రాలేదు!"

ధర్మరాజ్ బెంచీ మీద చరిచి నవ్వాడు. వెంకటరామప్ప నవ్వలేదు. టిఫిన్ క్యారియర్‌ను ఒడిలోకి తీసుకుని, దాని పిడి అటూ ఇటూ తిప్పాడు.

"ఆ బిడ్డకు ఏమి చెప్పేది ఇప్పుడు," అన్నాడు తనలో తాను.

మురళి కూడా నవ్వడం లేదు. ఆయన చేతుల వైపు చూస్తున్నాడు.

"మామా, అంత మెల్లగా ఇప్పుడూ తొక్కతావా?"

"తొక్కతా."

ఈసారి ఆయన గొప్పలు ఏమీ కలపలేదు.

"అయితే జెండా నువ్వు ఊపొద్దు. నీ సైకిలుకు కట్టుకో. ఊరు దాటేదాకా ముందర నువ్వు, నీ వెనకాలే శివరంజని, ఆ వెనక మిగతా పిల్లోళ్ళు. నిన్ను దాటిన పిల్ల పందెంలో లేదు. ఊరి చివర నువ్వు పక్కకు తప్పుకుంటే అదే జెండా ఊపినట్టు. శాలువా ఆడనే కప్పతాం."

"ముందరా?" వెంకటరామప్ప కంగారు పడ్డాడు. "నేను ఎప్పుడూ ముందర పోయిందే లేదే!"

ఈసారి అందరితో పాటు ఆయన కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక ఇంకో టీ చెప్పాడు. నడుం నిటారు చేశాడు. మురళి జేబులో నుంచి ఫోన్ తీసి సంఘంవాళ్ళకు సంగతి చెబుతుండగానే వెంకటరామప్ప ధర్మరాజ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"రేపు ఏమైందో తెలుసా? బస్టాండు కాడ ఇసుకేస్తే రాలనంత జనం, బస్సులన్నీ ఆపేసినారు, ముందర నేను, నా వెనకాల మా శివరంజని, ఎంత మెల్లగా పోయినామంటే, బయల్దేరేటప్పుడు ప్లస్ వన్‌లో ఉండే పిల్లోళ్ళు ఊరు దాటేలోపల ప్లస్ టూ పాసైపోయినారు, రోడ్డు పక్కన నాటిన టమాటా నారు నేను దాటేలోపల కాయ కాసి, పండి, పాలకోడు మార్కెట్టుకు పోయి..."

నంజమ్మ ఆయన ముందు టీ గ్లాసు పెట్టింది.

"రేపు ఇంకా రాలేదన్నా. అది గూడా నీ మాదిరే తొక్కతా ఉండాది."