ఆఖరి డాన్సు అని వేయకు

ప్రతి సోమవారంలాగే ఊళ్లో డాన్సులు నడిపే పెద్దావిడ, కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో ఉన్న వారపత్రిక ఆఫీసుకి ఫోన్ చేసింది. "ఈ వారం మన ఊళ్లో" శీర్షిక చూసే అమ్మాయి ఎత్తింది.

"శనివారం డాన్సేగా పెద్దమ్మా? ఏడింటికి, చర్చి హాల్లో, ఫిడేలు లాక్లన్ గారు. నాకు కంఠతా వచ్చేసింది."

"ఈ ఒక్కసారే వెయ్యమ్మా. హాలు అమ్మేశారు."

"అయ్యో! పోయినవారం ఎంతమంది వచ్చారు?"

"నేనూ, లాక్లనూ. మా డాన్సు ఆడాలంటే కనీసం నాలుగు జంటలుండాలి. ఆయన వాయించాడు, నేను కుర్చీలో కూర్చుని విన్నాను."

"అయితే 'ఆఖరి డాన్సు' అని పెద్దక్షరాల్లో వేస్తా. జనం విరగబడి వస్తారు."

"అందుకే వద్దంటున్నా. ఇన్నేళ్లూ గడప తొక్కనివాళ్లు చావుకొచ్చినట్టు వస్తారు. కళ్లు తుడుచుకుని, ఫొటోలు తీసుకుని పోతారు. లాక్లన్‌కి ఆ భాగ్యం అక్కర్లేదు."

"అలా అనకండి. ఆ హాలంటే మా అందరికీ ప్రాణం."

"నువ్వెప్పుడొచ్చావమ్మా?"



"ప్రతి వారం వేసింది నేనేగా పెద్దమ్మా..."

"అవునమ్మా. ఒక్క తప్పు లేకుండా వేశావు. ఈసారీ అలాగే వెయ్యి. కింద ఎప్పుడూ వేసే 'అందరూ ఆహ్వానితులే' అన్న ముక్క మాత్రం తీసెయ్."