స్టూడియో ఫోటో

దుర్గ్‌లో రిసెప్షనిస్టు ఇంటర్వ్యూకి వెళ్లిన కూతురు మధ్యాహ్నానికి ఖుర్సీపార్‌లోని ఇంటికి తిరిగొచ్చి, గుమ్మంలోనే కూలబడింది. స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన తండ్రి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"ఏటయిందమ్మా?"

"ఉద్యోగం ఇవ్వలేదు నాన్నా. ఫారం మీద నువ్వు అంటించి పంపిన ఫోటో చూశారు, నా మొహం చూశారు. 'యే ఆప్ హీ హై క్యా?', ఇది మీరేనా అనడిగారు."

"నువ్వేటన్నావు?"

"నేనేనన్నాను. మొటిమలు ఈమధ్యే వచ్చాయా అన్నారు. నాలుగేళ్ల నుంచీ ఉన్నాయన్నాను. మరి ఫోటోలో ఒక్కటీ లేదే అని నవ్వారు. ఆ తర్వాత సర్టిఫికెట్లు తెరవనేలేదు."

తండ్రి ఆమె చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకున్నాడు.

"ఆ ఫోటో తీసిన స్టూడియో భయ్యా మొటిమలన్నీ ఎందుకు చెరిపేశాడో, రేపెళ్లి అడుగుతాను."

"అడక్కమ్మా. ఆడి తప్పేటీ లేదు."

"మరెవరిది?"

"మచ్చలన్నీ తీసెయ్యమని నానే సెప్పాను. ముందు లోపలికి పిలిస్తే సాలు, నీ మాట ఇన్నాక ఉద్యోగం ఇచ్చేస్తారనుకున్నాను."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వు బాధపడతావని."

"బయటివాళ్లు చూస్తారనే ఇన్నాళ్లూ భయపడ్డాను నాన్నా. నీకు మాత్రం అవి కనిపించవనుకున్నాను."

తండ్రి గ్లాసు గుమ్మం పక్కన పెట్టి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నం తిన్నావా?" అని కూతురే అడిగింది.

"లేదు. నీకోసమే ఆగాను."

"పద, తిందాం."

ఆమె లేచి, తండ్రి వైపు మొహం తిప్పకుండా లోపలికి వెళ్లింది.