సాధువు, గయ్యాళి, దొంగ

“తాతా, మాను మీద మెట్టు లెక్క మొలిచే గట్టి పుట్టగొడుగు ఉంటది సూడు, దాని జాతి మల్ల మార్చిన్రట. పాతపేరు కొట్టేసి కొత్తది రాసుకొమ్మన్నడు మా సారు.”

రాయి బిడ్డా. తప్పని తెలిస్తె కొట్టేసుడే మంచిది. నేను కొట్టెయ్యలే.

నాకు బడి యాడిది. నాలుగు అచ్చరాలు సొంతంగ నేర్చుకున్న, అండ్ల రెండు తలకిందులు. గంతకే సూర్యాపేట సుట్టుపక్కల నన్ను మించిన పండితుడు లేడనుకున్న. రజాకార్ల గడబిడ రోజులు, బయటికి పోరాదు. ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె? గా కట్టెగొడుగులకు జాతులు పెట్టిన. గోడ మీద బొగ్గుతోని రాసిన గూడ. తెల్లది సాధువు, కట్టెను ఏమనదు. ఎర్రది గయ్యాళి, పైపైన గీకుతది. నల్లది దొంగ, లోపలంత తింటది.

మా అక్క ఎల్లమ్మ, నన్ను సాకింది ఆమెనే, నేరేడుచర్ల దిక్కు ఇచ్చినం. ఆడ తుపాకుల భయమని మా ఇంట్ల తలదాచుకున్నది. గోడ సూసి నవ్వింది. “మనుషులకున్న కులాలు సాలలేదారా, పుట్టగొడుగులకు గూడ పెట్టినవ్?”

ఆ వానల్ల మా వేప దూలానికి, కాదు కాదు, వేపది కొట్టంల ఉండె, ఇది మామిడిది, గోడల దిగే కాడ తెల్లది మొలిచింది. వడ్రంగం జేసే వెంకులు సూసి, “అన్నా, దూలం మార్చు” అన్నడు.

“సాధువే గద” అన్న.

“సాధువు లేడు, దొంగ లేడు. మూడు ఒక్కటే అన్నా. తెల్లగ పుడ్తది, ఎర్రగ పెరుగుతది, నల్లగ ముసలిదైతది. తిరగేసి సూడు, మూడింటి కిందా సూది గుచ్చినట్టు అవే తూట్లు. అది బయట కనవడ్డదంటే లోపల మేసినట్టే.”

పుట్టిన కాన్నుంచి కట్టె చెక్కినోడు. నేనేమన్ననో ఎరికేనా? “నువ్వు చెక్కు, నేను సదువుత.” నలుగురు నవ్విన్రు గూడ. నాకు మస్తు గొప్పనిపిచ్చింది.

“వెంకులు మాట ఇనరాదురా” అన్నది అక్క.

“నల్లది రానీ అక్కా, అప్పుడు సూద్దాం.”

నల్లది రాలే. ముసురు పట్టిన పగటీలి అక్క దూలం కింద బియ్యం ఏరుతున్నది. నేను అరుగు మీదున్న. పెద్ద సప్పుడన్న కాలే బిడ్డా. ఎండిన రొట్టె ఇరిగినట్టు, గంతే. మీదవడ్డ మిద్దె మన్ను తోడి తీసినం, ఆమె అప్పటికే... ఇగ లేదు. దూలంల కట్టె యాడిది, నానిన అటుకులే. గొడుగు నా కాళ్లకాడ ఎల్లెలకల పడి ఉన్నది. కింద తూట్లు. సూది గుచ్చినట్టు.

తుపాకులకు భయపడి వచ్చింది మా అక్క. నా సదువుకు గూడ భయపడాలెనని ఆమెకు ఎవరు చెప్పాలె?

వెంకులు వచ్చి కొత్త దూలం ఏసిండు. నన్ను తిట్టినా బాగుండు. గోడ మీద బొగ్గు రాత మాత్రం చెక్కు చెదరలే, గంత గట్టిగ రాసిన.

రాసినవా కొత్తపేరు? రేపు అది గూడ మారితె కొట్టేసి రాయి, సిగ్గుపడకు. నీ నెత్తి మీది దూలం గట్టిగుండాలె బిడ్డా. ఇగ... జర ఆ పుస్తకం మూసెయ్.