ఈగ దూరని జాలి, ఆలేరు బీరతీగ

గ్రీన్‌హౌస్ ముచ్చట చెప్పమంటవా బిడ్డా? ఆ సెల్లు జర దూరం వెట్టు, మూతికాడ వెడితే నాకు మాట రాదు. ఆఁ, ఇగ విను.

తెలంగాణ వచ్చిన మరుసటేడు... కాదు కాదు, మీ అమ్మ నిన్ను బడిల ఏసిన ఏడు. మోకాళ్లు పట్టుకపొయ్యి మగ్గం బంద్ జేసిన. జిందగంత చీరెలు నేసినోడు ఖాళీగుంటే ఏం జేస్తడు? మీ అవ్వ ఎనకెనకనే తిరిగిన. చెంబు గాడెందుకు పెట్టినవ్, పప్పుల గింత ఉప్పేంది అనుకుంట. కొన్నొద్దులు ఓర్చింది పాపం. "పెరట్ల జాగా ఉన్నది. నన్నిడిసిపెట్టి ఏదన్న చెట్టు పెట్టుకోపో" అన్నది. గట్ల మొదలైంది నా తోటపని, ఇంట్లకెల్లి ఎల్లగొడితే.

టమాట పెట్టినం, వంకాయ పెట్టినం. ఒక్కటి దక్కలే. కోతులు! గోడమీద కూసుండి, నన్ను జూసుకుంట తినేటియి. నేను కట్టె లేపితే కాయ నా మీదికే ఇసిరేటియి, అదీ కొరికి. అప్పుడు మగ్గం కట్టెలు మూలలకు పాతి, మీద ప్లాస్టిక్ కవరేసి, నల్లగొండకెల్లి దోమతెరసొంటి సన్నజాలి తెచ్చి చుట్టూ కట్టిన. రెండు మంచాలు పట్టేటంత జాగా, అంతే. వాడకట్టోళ్లు "గ్రీన్‌హౌస్ సారూ" అని పిలుస్తుంటే, ఎక్కిరిస్తున్నరని తెల్వక మీసం దువ్విన.

మందు కొట్టుడు లేదు. పేడ, ఆవుమూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ముల పులియబెడుదును. గప్పుడు బెల్లం గింత పిరం లేకుండె. డ్రమ్ము మూత తీస్తే పక్కింటోళ్ల కిటికీలు టపటప పడేటియి. కని ఆ కూర! మీ అవ్వ తల్లిగారిది ఆలేరు దిక్కు. పెండ్లినాడు కొంగున ముడేసుకొచ్చిన బీరిత్తులాయె అవి. పొట్టికాయ, లేతగ తీపి. పొట్టుతోని పచ్చడి నూరితే అన్నం సాలకపోతుండె. పొద్దుగాల చాయ్ తీస్కొని ఇద్దరం గ్రీన్‌హౌస్లనే కూసుందుము. మళ్ల మగ్గం కాడ కూసున్నట్టే ఉండె. ఆమె నూలు కండెలు చుట్టుడు లేదు, నేను నేసుడు లేదు, అంతే ఫరక్.

ఆఁ, జాలి ముచ్చట గద. నేసినోన్ని కాబట్టి ఒక్క కన్ను ఎడం కానియ్యలే. "ఈగ దూరితే నా పేరు మార్సుకుంట" అన్న. అయినా నాలుగొద్దులకోపారి మూలకు జానెడు చినుగుతుండె. ఎలకలే అనుకున్న. సూది దారం తెచ్చి, చినిగిందనే తెల్వకుంట కుట్టి, మీ అవ్వను పిలిచి సూపిద్దును. "బాగున్నది" అని నవ్వేది. మెచ్చుకుంటుందనుకున్న.

కొన్నాళ్లకు చినుగుడు బందైంది. ఎలకలు నాకు భయపడ్డయి అని అందరికి చెప్పుకున్న. ఇగ అప్పటిసంది మీ అవ్వ పొద్దుగూకంగ ఒక్కతే లోపలికి పోవుడు వట్టింది. నేనస్తనంటే "తీగ తొక్కుతవ్, ఆడనే ఉండు" అనేది. నా వాగుడు పడలేక పోతుందనుకున్న. కాయలైతే ఇరగగాసినయి. ఇంటికొచ్చినోళ్లకు "నా గ్రీన్‌హౌస్ల పండించిన" అనుకుంట నేనే తెంపి ఇద్దును. ఆమె సంచి పట్టేది.

మీ అవ్వ పొయ్యినంక సూస్తే డబ్బాల ఆ ఇత్తులు పిడికెడు సుత లెవ్వు. ఆలేరు దిక్కు అడిగిపిచ్చిన, అందరివి కొన్న ఇత్తులే. ఉన్నయన్ని పెట్టిన. తీగ మంచిగ పాకింది, పసుపుపచ్చ పూలే పూలు. పిందె కనవడుడు, పండుబారి రాలుడు. డ్రమ్ము నీళ్లు ఇంకింత పోసిన. అయినా గదే కథ. ఈ తీగ ఎండితే మీ అవ్వ తెచ్చిన కాయ ఇగ దునియల లేనట్టే.

గప్పుడు మీ చిన్నవ్వ వచ్చింది, మీ అవ్వ చెల్లె. తీగను జూసింది, జాలిని జూసింది, నవ్వింది, కండ్లు తుడుసుకున్నది.

"బావా, ఈగ దూరని కాడ కాయెట్ల పడ్తది? తేనెటీగలు రావాల్నని అక్క చింపుడు, నువ్వు కుట్టుడు. ఇగ యాష్టకొచ్చి, మొగపువ్వు తెంపి పిందెపువ్వుకు తనే అద్దుడు వట్టింది, రోజు పొద్దుగూకంగ."

"మరి నాకు చెప్పొద్దా?"

"నేనూ గదే అన్న. కుట్టినంక ఆయన మొఖం సూడాలె నువ్వు, చెప్తే అది సిన్నవోతదే అన్నది."

పువ్వు నేనే అద్దుదామని పట్టుకుంటే ఏళ్ల నడుమ నలిగిపాయె బిడ్డా. కత్తెర తెచ్చిన. తెగిన పోగు అతుకుడే ఎరుకున్న చెయ్యి ఇది, చింపుమంటే కదలలే. మీ చిన్నవ్వ "ఇటియ్యి" అన్నది. ఇయ్యలే. కండ్లు మూసుకొని నేనే చింపిన. ఇగ ఆ చినుగుల కోతి చెయ్యి పెట్టకుంట, కట్టె పట్టుకొని కుర్చేసుకొని కావలి కూసున్న. తేనెటీగలొచ్చినయి.

ఆఖరి పూలల్ల ఒక్క కాయ నిలిచింది. కూర వండుకోలే, తీగ మీదనే ఎండనిచ్చిన. ఇగో, ఇదే. చెవికాడ వెట్టి ఊపు. గలగల అంటున్నయా?

సగం నువ్వు తీస్కపో. మీ డాబా మీద పెట్టుకో. జాలి కట్టుకో, కని ఓ మూలకు జానెడు ఇడిసిపెట్టు. నీ తీగ ఇల్లంత పాకాలె, నీ ఇంట్ల ఎవరికి ఏం తోచినా మొఖం మీదనే చెప్పుకోవాలె, సల్లగుండాలె బిడ్డా.

నా సగమా? ఈ పెరట్లనే పెట్టుకుంట. నాకింక ఆ చినుగు జూస్తే సూది మీదికే చెయ్యి పోతది. సూదిని మళ్ల ఆడనే పెట్టేస్త. పొద్దుగూకంగ ఆ మూలకు కూసుంట, ఈగలొస్తయి, పోతయి... ఆ సెల్లు బంద్ చెయ్యి ఇగ.