సుక్కికి నేనేమవుతాను

సభాధ్యక్షులు, మా ప్రధానోపాధ్యాయులు వెంకటనర్సయ్య గారికి, వేదిక మీది పెద్దలకు, నాతోపాటు ఇన్నేళ్లు సుద్దపొడి పీల్చిన తోటి టీచర్లకు, కోదాడ పెద్దలకు, పిల్లలకు నాగరాణి నమస్కారాలు.

రిటైరవుతున్నానని ఇందాకటి నుంచి నన్ను పొగుడుతున్నారు. నేను తెలుగు వ్యాకరణం బెత్తంతో చెప్పానని సైదులు సారు అన్నారు. ఆయనా నా దగ్గర చదివినవాడే కాబట్టి ఆ మాట సాక్ష్యం కిందే లెక్క. (నవ్వులు) కానీ అధ్యక్షుల వారు "నాగరాణి మేడం పెళ్లి, సంసారం అన్నీ వదులుకుని, ఒంటరిగా జీవితాన్ని బడికే అంకితం చేశారు" అన్నప్పుడు మీరంతా చప్పట్లు కొట్టారు చూడండి, అవి నాకు చెంప మీద తగిలినట్టున్నాయి. సారూ, ఏమీ అనుకోకండి. అనుకున్నా సరే, ఇవాళ నేను కోపంగానే ఉన్నాను. నేనేమీ వదులుకోలేదు. ఒంటరిగానూ లేను.

అదిగో, మూడో వరుసలో చంకకర్రతో కూర్చున్న సుక్కి మీకందరికీ తెలుసు. మీ పిల్లల యూనిఫాంలు కుట్టేది ఆమే. దామరచర్ల దగ్గరి తండా నుంచి కుట్టుపని నేర్చుకోవడానికి వచ్చింది, ఇరవై ఏళ్లుగా నాతో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని బతుకుతోంది. మీరేమో "మేడం ఇంట్లో ఉండే టైలరమ్మ" అంటారు. అది నా ఇల్లు కాదు, మా ఇల్లు. ఆలుమగలు ఎట్లా బతుకుతారో మేమట్లాగే బతికాం.

(ముందు వరుసలో ఒకరు కుర్చీ వెనక్కి జరుపుతారు)

మట్టయ్య సారూ, లేచి వెళ్లాలనుంటే వెళ్లండి. కూర్చున్నవాళ్లకు మిగతాది చెబుతాను.

మూడేళ్ల కింద మునగాల దగ్గర రోడ్డు దాటుతుంటే సుక్కిని లారీ గుద్దింది. ఎడమకాలు నుజ్జయింది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాను. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, సొంతవాళ్లు సంతకం పెట్టాలన్నారు. పెడతానన్నాను.

"పేషెంటుకు మీరేమైతరు?" అని అడిగింది కౌంటరులో అమ్మాయి.

"కలిసి ఉంటాం."

"అంటే? అక్కనా?"

"కాదు. ఒకే ఇంట్లో ఉంటాం."

"కిరాయికుంటరా?"

ఆ అమ్మాయి ఎగతాళికి అడగలేదు. ఆమెకు తెలిసిన చుట్టరికాల్లో మాకు చోటు లేదు, అంతే. పెద్ద డాక్టరు వచ్చి, "రేపేమన్న అయితే మా మీద కేసు పడుతది మేడం, వాళ్లోళ్లను పిలిపించుండ్రి" అన్నాడు. సుక్కి నా కొంగు పట్టుకుని మూలుగుతోంది. నేను అరిచాను, బతిమాలాను, గవర్నమెంటు టీచర్నని చెప్పుకున్నాను. ఏదీ పనికిరాలేదు.

సుక్కి తమ్ముడు జైరాం గొర్ల వెంట గుట్టల్లో ఉన్నాడట. కబురందుకుని మిర్యాలగూడ మీదుగా బస్సులు మారి వచ్చేసరికి పొద్దు గూకింది. వచ్చి, పెన్ను చేతికిస్తే తీసుకోకుండా డాక్టరు ముఖం చూశాడు.

"మా అక్కకు జొరమొస్తే సూసింది ఈమెనే, మా అమ్మ సస్తే తండాకొచ్చి మాతోని ఏడ్సింది ఈమెనే. ఈమె సంతకం చెల్లదంటే నాదెట్ల చెల్లుతది సారూ?"

జైరాం సంతకం పెట్టాడు. కాలు తీసేసి బయటికొచ్చాక ఆ డాక్టరే అన్నాడు, పొద్దున్నే మొదలుపెట్టి ఉంటే కాలు దక్కేదని. మిషను తొక్కే మనిషికి ఆ మాట నా నోటితో నేనే చెప్పాను.

2009లో ఢిల్లీ హైకోర్టు మాలాంటివాళ్లు నేరస్తులు కాదన్న రోజు సుక్కి సేమ్యా పాయసం వండింది. నాలుగేళ్ల తర్వాత, పోయిన డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మళ్లీ చూడమని అడిగితే, మొన్న మంగళవారం అదీ కుదరదంది. మర్నాడు స్టాఫ్ రూములో ఆ వార్త చదివి నవ్వుకున్నారు, నేను అక్కడే కాపీలు దిద్దుతున్నాను. ఎవరో పేరు చెప్పను, ఆయనకు తెలుసు. నేరం చేసినట్టు తల వంచుకోవలసింది నేనా? రేపు నేను పోతే సుక్కికి నా పింఛను రాదు, నా శవం మీద హక్కుండదు. ముప్ఫై ఏళ్లుగా ముఖం చూపని మా అన్న వచ్చి అగ్గి పెడతాడు, ఆమె గేటు బయట నిలబడాలి. దీన్ని న్యాయం అనమంటే, తెలుగు టీచర్ని, ఆ మాట అర్థం నాకు తెలుసు, నేననను.

సూర్యాపేట వకీలు రజిత గారితో మాట్లాడాను. దవాఖానలో సంతకం హక్కు, పింఛను హక్కు మాకూ కావాలని హైకోర్టులో పిటిషన్ వేస్తున్నాం. "మేడం, అసలు పేర్లు రాస్తే మీరే నేరం ఒప్పుకున్నట్టని వాదిస్తరు, ఆలోచించుకోండి" అన్నారామె. నేను నోరు తెరిచేలోపు సుక్కి అంది: "రాయమ్మా. ఆమె పేరు పక్కన నా పేరు కూడ రాయి. తప్పు జేసినోళ్లం గాదు, దాచెటందుకు."

రాశాం. సోమవారం వెళ్తుంది.

ఇన్నేళ్లు మీ పిల్లలను నా చేతుల్లో పెట్టినందుకు ధన్యవాదాలు. ఇక బజారులో నేనూ సుక్కీ ఎదురుపడితే మీలో కొందరు ముఖం తిప్పుకుంటారు. వాళ్లకు ఇప్పుడే, ఇక్కడే సెలవు. పలకరించేవాళ్లకు మాత్రం సెలవు చెప్పను.