వాలు మీద బండి

హలో… ఆ, నేనే బావా. నేనే మాట్లాడుతున్నా… లేదు, ఇది నా ఫోన్ కాదు. మా ఫోన్లు పొద్దునే డిపోలో పెట్టెలో వేయించుకుంటారుగా. ఇది బస్సులో ఒక ఆయమ్మది. ఆవిడే నా చెవి దగ్గర పట్టుకుంది. నా చేతులు ఖాళీగా లేవు.

వినపడుతోందా? గట్టిగా మాట్లాడలేను, జనం బెదురుతారు.

బ్రేకు పోయింది బావా.

… పొద్దున చెప్పానే, ఆ బండే. పెడల్ మెత్తగా ఉంది, తొక్కితే దూదిమూట తొక్కినట్టుందని చెప్పాను. డిపో మెకానిక్‌వి నువ్వు, ‘చూశాను, తీసుకెళ్ళు’ అన్నావు.

… ఆగే ఉన్నా. స్కూలు వాలు మీద, సరిగ్గా సగంలో. పెడల్ పంపులా కొట్టగా కొట్టగా ఆగింది. ఇప్పుడు పెడల్ మీద కాలు పెట్టి కూర్చున్నా. తీస్తే కదులుతోంది. తొక్కిపట్టినా పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది, మళ్ళీ మళ్ళీ కొట్టాల్సి వస్తోంది.

… హ్యాండ్ బ్రేకా? లాగి లాగి భుజం పట్టేసింది. లివరు ఊరికే పైకొస్తోంది, పట్టు లేదు.

… రివర్స్ గేర్లో పెట్టే ఇంజిన్ ఆపాను బావా. ఆ క్లచ్ సంగతి నీకు తెలియనిదా? గేర్లో ఉన్నా జారుతోంది.

… ఎటు తిప్పను? ఎడమ పక్క పైపుల కోసం తవ్విన గొయ్యి, లోపల మనుషులు పనిచేస్తున్నారు. కుడి పక్క ఎదురొచ్చే బండ్లు. ఎదురుగా వాలు కింద సిగ్నలు, స్కూలు గేటు. ఇప్పుడే స్కూలు వదిలారు.

… ఊఁ.

… జనమా? నిండుగా ఉన్నారు. కండక్టరు వెనక తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళనే దించుతున్నాడు. అందరూ ఒక్కసారి తోసుకుంటే బండి ఊగుతుంది, అది నా భయం. మొదట్లో తిట్టారు. నడిరోడ్డు మీద నిద్రపోతున్నావా అని ఒకాయన నా సీటు వెనక గుద్దాడు. తల తిప్పి చూశాను. నా మొహంలో ఏం కనపడిందో ఏమో, దిగిపోయాడు.

… బండి మీద రాసున్న కంట్రోల్ రూము నంబరుకి చేయించాను, ఎత్తట్లేదు. నాకు నోటికొచ్చిన నంబరు నీదొక్కటే. మీ చెల్లెలిది కూడా రాదు, ఆమెకి చెప్పకు ఆ మాట.

… చెమట కళ్ళలోకి కారుతోంది ఆయమ్మా, కాస్త తుడుస్తావా… ఆ, చాలు తల్లీ.

బావా, బ్రేక్‌డౌన్ వ్యాన్ ఎప్పుడొస్తుంది?

… ముప్పావు గంటా?

నా కాలు అంతసేపు ఉండదు బావా. ఇప్పటికే తొడ వణుకుతోంది. ఆ మోకాలే, నీకు తెలుసుగా, మెట్లెక్కేటప్పుడు చేత్తో పట్టుకుంటానే, అదే. పిక్క రాయిలా బిగుసుకుపోయింది. పాదం ఉందో లేదో తెలియట్లేదు. తొక్కుతున్నాననే అనుకుంటున్నా.

… ఎడమ కాలు మార్చమంటావా? మార్చేలోపు కదిలితే?

… నీళ్ళు వద్దు ఆయమ్మా. పొద్దున్నించీ తాగలేదు, తాగితే మధ్యలో దిగి ఒంటికి వెళ్ళడానికి చోటెక్కడ మాకు.

… ఏంటి బావా? ఆ, బస్సులో సెక్యూరిటీ గార్డు ఒకాయన యూనిఫాంలో ఉంటే కిందికి పంపాను, పిల్లల్ని రోడ్డు దాటనివ్వొద్దని. ఇక్కణ్ణుంచి కనపడుతున్నాడు. రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. వాళ్ళేమో ఇంకా గేటులోంచి వస్తూనే ఉన్నారు. అందరికీ ఒకే రంగు బట్టలు. ఈ ఆయమ్మ ఆ స్కూల్లోనే పనిచేస్తుందంట. అందుకే దిగమంటే దిగట్లేదు.

… దిమ్మలా? టైరు కింద పెట్టే దిమ్మలు బండిలో ఎప్పుడున్నాయి బావా? అడిగితే నవ్వారుగా మీ గ్యారేజీ వాళ్ళు.

… గోతిలో వాళ్ళా… ఉండు. కండక్టరూ, ఆ పనివాళ్ళని పైకి రమ్మను. రాళ్ళు ఏవైనా, పైపు ముక్కలైనా సరే. ముందు టైర్ల కింద… కాదు, మనిషి బండికి ఎదురుగా రాకూడదు. పక్కనుంచి దొర్లించమను. ఒరే నాయనా, పక్కనుంచి.

… ఉన్నాను బావా. పెట్టెయ్యకు. నువ్వు మాట్లాడుతూ ఉండు, ఏదో ఒకటి మాట్లాడు.

… ఇంకొకాయన లోపలే ఉన్నాడు. కాలికి కట్టు. ఇద్దరు మోసుకొస్తున్నారు. … నెమ్మదిగా బాబూ, సీట్లు పట్టుకుని… కదిలింది. బావా, కదిలింది. … ఆగు. ఆగు. ఆగవే తల్లీ…

…

… ఆగింది. జానెడు జారింది.

… దించేశారు. లోపల నేనూ ఆయమ్మే.

ఆయమ్మా, నువ్వు దిగిపో. ఫోన్ స్పీకర్లో పెట్టి ఆ ముందు అద్దానికి ఆనించి దిగు. … నీ ఫోన్ ఎక్కడికీ పోదు. … నా కోసం కాదమ్మా. నువ్వు పక్కనుంటే నేను కాలు తీయలేను. నీకు దణ్ణం పెడతా, దిగు.

… దిగింది.

బావా, వింటున్నావా? పెద్ద రాళ్ళు పెట్టారు. రెండు ముందు టైర్లకీ. కండక్టరు బొటనవేలు చూపిస్తున్నాడు. ఇప్పుడు తీయాలి.

… భయంగా ఉంది బావా. ఇన్నేళ్ళు తోలాను, ఎప్పుడూ ఇంత… మీ చెల్లెలు పొద్దున ఏదో తెమ్మంది. ఏం తెమ్మందో గుర్తు రావట్లేదు. అడిగి కనుక్కో.

… అలాగే. తీస్తున్నా.

…

…

… టైరు రాయెక్కింది… రాయి నలుగుతోంది… కిర్రుమంటోంది…

… నిలబడింది.

నిలబడింది బావా. కాలు పూర్తిగా తీసేశాను. కదలట్లేదు.

… ఏడవట్లేదు. ఊపిరి పీల్చుకుంటున్నా. నువ్వెందుకు ఏడుస్తున్నావు?

… ఏంటి?

… మళ్ళీ చెప్పు.

… చూడలేదా? అసలు కిందికి వంగి కూడా చూడలేదా?

… బండ్లు తక్కువున్నాయని మేనేజరు వదిలెయ్యమంటే వదిలేశావు. చూశాను బావా అని నా మొహం మీద చెప్పావు. నీ చెల్లెలి మొగుణ్ణి బావా నేను.

… ఆపు. ఇప్పుడు కాళ్ళు పట్టుకునే మాటలొద్దు. ఒక్కటి చెప్పు. నాదొక్కటేనా, ఇంకా ఉన్నాయా?

… ఎన్ని కాదు, ఏవి? ఎవరు తోలుతున్నారు?

… ఈల బాబాయా?

బావా, ఈల బాబాయి నా వెనక బండి. ఇదే రూటు. ఇదే వాలు.

… ఫోన్ ఎలా చేస్తావు? ఆయన ఫోనూ పెట్టెలోనే ఉందిగా.

… ఉండు, ఫోన్ చేతిలో పట్టుకుని దిగుతున్నా. కాలు నిలబడట్లేదు… తలుపు పట్టుకున్నా… దిగాను. జనమంతా బండి చుట్టూనే ఉన్నారు. ఆయన పైనుంచి వస్తే వీళ్ళ మీదికే. కండక్టరూ, అందర్నీ ఆ గోడ వెనక్కి పంపు. నన్నేం అడక్కు, పంపు.

… పైకి ఎక్కుతున్నా బావా. పైన స్టాపుంది, అక్కడ రోడ్డు చదునే. స్టాపులో మనిషి కనపడితే ఆగుతాడు. ఎవరూ లేకపోతే ఆగడు, టైము పోతుందని సాగిపోతాడు. మనమందరం చేసేదే.

… కాలు ఈడుస్తున్నా. రావట్లేదు.

ఆయమ్మా, నువ్వెళ్ళు. నా కోసం ఆగకు. పైన స్టాపులో నిలబడి చెయ్యెత్తు. బస్సు ఎక్కేదానిలా చెయ్యెత్తు, అంతే. … పరుగెత్తు తల్లీ.

… ఆవిడ పరుగెడుతోంది బావా. చెప్పులు వదిలేసి పరుగెడుతోంది.

… నువ్వు ఫోన్లో ఉండి ఏం చేస్తావు? మిగతా బండ్లున్నాయిగా. మేనేజరు గదిలోకి వెళ్ళు. చూడలేదని నీ నోటితో నువ్వే చెప్పు, అన్నీ ఆపించు. … నీ ఉద్యోగం పోతుంది. పోతుంది బావా. నేనూ దాచను. ఎవరు అడిగినా చెప్తాను, నువ్వు నన్ను తిట్టుకో. మీ చెల్లెలికి కూడా నేనే చెప్తాను.

… వచ్చింది. బండి తల కనపడుతోంది.

… ఆవిడ ఇంకా చేరలేదు.

… చేరింది. చెయ్యెత్తింది.

…

… తగ్గట్లేదు. బావా, వేగం తగ్గట్లేదు.

… స్టాపు దాటాడు…

…

… ఆగాడు. అంచు మీద. ముందు టైర్లు చదును మీదే ఉన్నాయి. ఆగాడు.

… ఈల వేస్తున్నాడు బావా. ఇక్కడికి వినపడుతోంది. ఏమీ తెలియదు ఆయనకి. కిటికీలోంచి తల బయటపెట్టి, తొందరగా ఎక్కమని ఆయమ్మని పిలుస్తున్నాడు.

నేను వెళ్ళి చెప్పాలి. మళ్ళీ గేరు వేసేలోపు చెప్పాలి.

నువ్వు వెళ్ళు బావా. పెట్టేస్తున్నా.